వినడంలో పదికి మూడు

సెప్టెంబర్ 9, సోమవారం

ఈ నోటుపుస్తకం రాజధాని లుసాకా నుంచి వచ్చిన శిక్షకురాలు ఇచ్చింది. మా బేకరీలో పైస్థాయి వాళ్ళం తొమ్మిదిమందిమి. రెండు రోజులు మా ఎండోలా ఊరి చివర లాడ్జిలో కూర్చోబెట్టి మనసుల గురించి పాఠం చెప్పింది. పని తెలిసినంత మాత్రాన నాయకుడు కాడట. ఎదుటివాడి మనసు తెలియాలట. అంతకంటే ముందు తన మనసు తనకు తెలియాలట. దానికో పెద్ద పేరుంది, భావోద్వేగ ప్రజ్ఞ. నాకు నోరు తిరగదు. మనసుల చదువు అంటున్నాను.

రోజూ రాయమంది. "ఎవరూ చూడరు. ముందు ఆ పూట కలిగిన భావానికి పేరు పెట్టండి. కోపం అని రాసి చేతులు దులుపుకోకండి, కోపం కింద ఏముందో చూడండి" అంది.

ఈరోజు భావం: ఆకలి. దాని కింద ఏమీ లేదు. లాడ్జి వాళ్ళు పెట్టిన భోజనం చాలలేదు.

సెప్టెంబర్ 10, మంగళవారం

నిన్న అసలు సంగతి రాయలేదు. ప్రొడక్షన్ మేనేజర్ ఆగస్టులో రిటైరయ్యాడు. ఆ కుర్చీ నాది. ఇరవై మూడేళ్ళుగా ఈ బేకరీలో ఉన్నాను, స్లైసింగ్, ప్యాకింగ్ రెండూ నా చేతి కింద నడుస్తున్నాయి, ఓవెన్ల దగ్గర సగంమందిని నేనే తయారుచేశాను. పిండిని చేత్తో నొక్కి చూసి ఇంకా ఎన్ని నిమిషాలు ఆగాలో చెప్పగలను. జనరల్ మేనేజర్ ముబిత ఆ కుర్చీలో తాత్కాలికంగా జేరెని కూర్చోబెట్టాడు. అక్టోబర్ ఆఖరుకి ఎవరన్నది తేలుస్తాడట.

జేరెకి ముప్పై నాలుగేళ్ళు. ఆరేళ్ళ కిందట ల్యాబులో చేరింది. స్లైసింగ్ మిషన్‌లో బ్లేడు ఎలా బిగించాలో నా దగ్గరే నేర్చుకుంది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే.

భావం: చిరాకు. చిరాకు కింద వేడి. ఏడాదిలో అన్నిటికంటే మండే అక్టోబర్ ఇంకా రానేలేదు, అప్పుడే ఇంత ఎండ.

సెప్టెంబర్ 12, గురువారం

ఫారాలు వచ్చాయి. మా కింద పనిచేసే పన్నెండుమంది పేరు రాయకుండా మాకు మార్కులు వేశారు. కవరు మీద 'లారెన్స్ చిటాలు' అని ఉంటే క్షణం సేపు ఎవరిదో అనుకున్నాను. మా పెద్దపిల్ల చొలా పుట్టినప్పటి నుంచి నేను ఊరందరికీ బషిచొలాని, చొలా వాళ్ళ నాన్నని. నా పేరుతో నన్ను ఎవరూ పిలవరు, మా ఆవిడతో సహా.

పనితెలివి: పదికి తొమ్మిదిన్నర.

ఎదుటివాళ్ళ మాట వినడం: పదికి మూడు.

కింద ఎవడో రాశాడు: "చెప్పేది పూర్తయ్యేలోపు వెళ్ళిపోతారు." చేతిరాత గుర్తుపట్టడానికి పాత హాజరు పుస్తకాలు తిరగేశాను. 'g' తోక గుండ్రంగా వేసేవాళ్ళు నలుగురున్నారు.

జేరెకి వినడంలో తొమ్మిదట. ఆవిడ చెప్పలేదు, ముబిత చెప్పాడు. తొమ్మిది!

సెప్టెంబర్ 16, సోమవారం

జేరె రోజూ పొద్దున్నే హాలంతా ఒక చుట్టు తిరుగుతుంది. "బానాసంపా, చిన్నదాని దగ్గు తగ్గిందా?" అని సంపా వాళ్ళమ్మని అడుగుతుంది. "ఏమయ్యా, ఇంటికప్పు వేయించావా?" ఎవరు రాకపోయినా ఎందుకు రాలేదని ఆరా తీస్తుంది. ఇది పనా, పెళ్ళిసంబంధమా? ఆ అరగంటలో ఎనిమిది వందల బ్రెడ్లు కోయవచ్చు.

ఈరోజు మా దగ్గరికి రాగానే అందుకున్నాను. ఆవిడ ఎంగోని, మేము బెంబావాళ్ళం. వరస కలిసిన తెగలు. మా తాతలు ఈటెలతో పొడుచుకున్నారు కాబట్టి మేము మాటలతో పొడుచుకోవచ్చు, ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. మేనబావకీ మరదలికీ ఉన్న హక్కే ఇది. ఎలుకలు తింటారని మేము వాళ్ళని అంటాం, కోతులు తింటామని వాళ్ళు మమ్మల్ని అంటారు.

"మేడమ్, గోదాములో ఎలుకలు తగ్గిపోయాయి. మీరు మేనేజరయ్యాక మధ్యాహ్నం భోజనం మార్చారా ఏంటి?" అన్నాను.

హాలంతా గొల్లుమంది.

"ఏం చేయను బషిచొలా, మీవాళ్ళు అడవిలో ఒక్క కోతినీ మిగల్చలేదు. దొరికిందే తింటున్నాం" అంది.

హాలు ఇంకా గట్టిగా నవ్వింది. అదే నాకు నచ్చలేదు. నా జోకుకి నవ్వినదానికంటే ఆవిడ జోకుకి ఎక్కువ నవ్వారు.

సెప్టెంబర్ 18, బుధవారం

ఆవిడ చేసేది నేను చేయలేనా? ఓవెన్ దగ్గర కటోంగో కనిపిస్తే ఆగి, "ఇంట్లో అంతా బాగేనా?" అని అడిగాను. వాడు కంగారుపడ్డాడు. పదకొండేళ్ళలో ఎప్పుడూ అడగలేదు మరి. "అమ్మకే కొంచెం..." అని ఏదో మొదలుపెట్టాడు. అంతలో స్లైసర్ దగ్గర కేక వినిపించి వెళ్ళిపోయాను. అయినా అడిగాను కదా. అడిగినట్టు ఇందులో రాసుకుంటున్నాను.

సెప్టెంబర్ 24, మంగళవారం

కరెంటు పద్నాలుగు గంటలు లేదు. అది మామూలే. పదకొండింటికి జనరేటర్ కూడా చచ్చింది. పొంగడానికి పెట్టిన పిండి మూడువేల టిన్నుల్లో ఉంది, ఓవెన్ చల్లారిపోతోంది. ఇంకో అరగంట ఆగితే పిండి పొంగి, పులిసి, కూలబడిపోతుంది.

ఒప్పుకుంటున్నాను, నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఏం చేస్తుందో చూద్దామని.

జేరె అందరి ముందూ నా దగ్గరికి వచ్చింది. "బషిచొలా, నాకేం చేయాలో తెలియడం లేదు. మీరు చెప్పండి."

చెప్పాను. తెలియక ఊరుకోలేదు కదా ఇంతసేపూ. టిన్నుల్లోంచి పిండి తీయించి అణగ్గొట్టించాను. చల్లగదిలోకి తోయించాను. కటోంగో, ఇంకో నలుగురు చొక్కాలు విప్పి పనిచేశారు. జేరె కూడా మోచేతుల దాకా పిండిలో దిగింది. రెండింటికి జనరేటర్ లేచింది. నాలుగువందల టిన్నులు పోయాయి, మిగతాది దక్కింది.

సాయంత్రం అందరినీ నిలబెట్టి, "ఈరోజు ఊరికి బ్రెడ్ వెళ్ళిందంటే ఈయన వల్ల" అని చప్పట్లు కొట్టించింది.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. "మరి మొహం అలా వేలాడేశావేం?" అంది.

"పొగడటం కూడా కోర్సులో నేర్పారు. మూడో పాఠం."

"ఆవిడ తిడితే కోపం, పొగిడితే కోపం. ఇంక ఆ అమ్మాయి ఏం చేయాలి, రాజీనామా చేయాలా?"

చేయాలి. ఆ మాట పైకి అనలేదు.

నాకు తెలియదని అందరి ముందూ చెప్పింది, ఒక్కడూ చులకనగా చూడలేదు. నేనే ఆ మాట అని ఉంటే మర్నాటికి నాకో ఎగతాళి పేరు పెట్టేవాళ్ళు. ఆవిడ అంటే వినయం, నేనంటే చేతకానితనం. ఇదేం న్యాయం?

భావం: ఏదో ఒకటి. అసూయ మాత్రం కాదు.

అక్టోబర్ 2, బుధవారం

ముబిత ఆవిడతో కలిసి టీ తాగాడు. గాజు కిటికీలోంచి కనిపించింది. ఇద్దరూ నవ్వుతున్నారు. ఇరవై మూడేళ్ళలో నాతో ఎప్పుడూ టీ తాగలేదు.

అక్టోబర్ 4, శుక్రవారం

ఇవాళ కూడా.

అక్టోబర్ 9, బుధవారం

పొద్దున ఐదున్నరకి కటోంగో ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ పోయిందట. ఇవాళ రాలేనన్నాడు. నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను, కరెంటు ఆరింటికి పోతుంది. "మీరు చెప్పండి అక్కడ" అన్నాడు. "సరే, చెప్తాను" అని పెట్టేశాను.

చావు అంటే మా దగ్గర సామాన్యం కాదు. చావింటికి రాని పైవాడు పైవాడే కాడు. ఎంత పనితెలివి ఉన్నా సరే, మనసుల చదువులో పదికి తొమ్మిది వచ్చినా సరే.

బేకరీకి వెళ్ళేసరికి ఆవిడ చుట్టు తిరుగుతోంది. "కటోంగో ఏడి?" అని దూరం నుంచే అడిగింది. మిక్సర్ హోరుగా తిరుగుతోంది. తెలియదన్నట్టు చెయ్యి ఊపాను. చెయ్యి ఊపడం అబద్ధం కాదు.

తరవాత చెబుదామనుకున్నాను. మరిచిపోయాను.

ఓవెన్ కుర్రాళ్ళకి మాత్రం టీ వేళ చెప్పాను. శనివారం ఖననం, మనందరం కలిసి వెళ్దామన్నాను.

"మేడమ్‌కి తెలుసా?" అని ఒకడు అడిగాడు.

"చెప్పాను" అన్నాను.

అక్టోబర్ 10, గురువారం

ఇవాళ చెబుదామనుకున్నాను. తీరిక దొరకలేదు. ఆవిడా నాలుగింటికే వెళ్ళిపోయింది. పెద్ద మేనేజర్, నాలుగింటికి ఇంటికి!

అక్టోబర్ 11, శుక్రవారం

ఆవిడే నా బల్ల దగ్గరికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి, నిద్రలేనట్టుంది. కుర్చీ బరువు తెలుస్తోంది కాబోలు అనుకున్నాను.

"బషిచొలా, నాకు మీరేమైనా చెప్పాలా?"

"ఏముంటుంది? ఈస్ట్ తగ్గింది, చీటీ పంపాను."

"ఇంకేం లేదా?"

"ఉంది. మీ ఊరి నుంచి ఎండబెట్టిన ఎలుకలు తెప్పించుకుంటే ఒంటరిగా తినకండి, మాకూ వాసన చూపించండి."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు, తిరిగి అనలేదు. మొదటిసారి మాట పడి ఊరుకుంది. మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళిపోయింది.

గెలిచానని అనిపించింది. ఆ మాటే రాస్తున్నాను, ఎవరూ చూడరు కదా. రేపు చావింట్లో ఆవిడ ఉండదు. కటోంగో చూస్తాడు, ఓవెన్ వాళ్ళంతా చూస్తారు. సోమవారానికి ఊరంతా చెప్పుకుంటుంది. నేనేమీ చేయనక్కర్లేదు.

అక్టోబర్ 13, ఆదివారం

నిన్నటిది నిన్న రాయలేకపోయాను. చర్చికి వెళ్ళలేదు. ఇప్పుడు రాస్తాను.

శనివారం పొద్దున్నే మినీబస్సులో కటోంగో వాళ్ళుండే లుబుటో వెళ్ళాం, నేను, మా ఆవిడ, ఓవెన్ వాళ్ళు ఆరుగురు. గుమ్మం దగ్గర మా ఆవిడ చితెంగె గుడ్డ నడుముకి బిగించి లోపలికి వెళ్ళింది. ఆడవాళ్ళు లోపల నేల మీద, మగవాళ్ళం బయట మంట చుట్టూ. ఎంత ఎండ కాసినా చావింటి మంట ఆరకూడదు. కటోంగో వచ్చి నా చెయ్యి పట్టుకుని వదిలేశాడు. మాట్లాడలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది కాబోలు అనుకున్నాను.

టీ, బ్రెడ్ ఇచ్చారు. బ్రెడ్ మాదే. ముక్క మందం చూస్తే తెలుస్తుంది నాకు, ఆ బ్లేడు నేనే బిగిస్తాను. కొట్లో కొనుక్కొచ్చి ఉంటారనుకుని నాలుగు ముక్కలు తిన్నాను.

కాసేపు చూశాను. ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఆవిడ రాలేదు. పది అయింది. శవపేటిక బయటికి తెచ్చే వేళ దగ్గరపడింది. ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. నేనే ఎత్తాను.

"మా ఎలుకల మేడమ్ కనపడదేం?" అన్నాను. వరసైనవాళ్ళ గురించి చావింట్లో వేళాకోళం ఆడవచ్చు, ఆడాలి కూడా. "ఆవిడ మనసుల గురించి పెద్ద కోర్సు చదివింది. తొమ్మిది మార్కులు. కానీ ఏడుపులున్న చోటికి రావడం సిలబస్‌లో లేదు కాబోలు."

ఎవరూ నవ్వలేదు. ఓవెన్ కుర్రాళ్ళు మంటలోకి చూస్తున్నారు. ఒకడు కట్టెని లోపలికి తోశాడు.

కటోంగో మేనమామ ఆ ఇంటికి పెద్ద, డెబ్భై దాటినవాడు. కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"నువ్వే కదూ బషిచొలావి?"

"అవునండీ."

"బుధవారం సాయంత్రం నుంచి పని అవగానే రోజూ వచ్చి, లోపల పొయ్యి దగ్గర కూర్చుని నీకూ నాకూ మొక్కజొన్న ఎన్షిమా వండుతున్నది ఎవరనుకున్నావయ్యా? నిన్న నేను ముద్ద ముట్టనంటే, 'తాతా, కోతిమాంసం లేదని అలిగావా? చచ్చింది మీ చెల్లెలు, మీ అడవి కాదు' అంది. ఏడుపులో నవ్వొచ్చింది నాకు. నాలుగు ముద్దలు తిన్నాను. వరసైనది చేయాల్సిన పని అది. ఇందాక నువ్వు తిన్న బ్రెడ్ ఆవిడ పంపిందే. శ్మశానానికి బండి కూడా ఆవిడే మాట్లాడింది."

చేతిలో టీ కప్పు కింద పెట్టాను.

"ఇంకోటి. ఆవిడకి నువ్వు చెప్పలేదట కదా. మా పక్కింటి బానాసంపా చెబితే వచ్చింది."

బానాసంపా. ప్యాకింగ్‌లో నా కిందే పనిచేస్తుంది. ఆవిడ ఉండేది వీళ్ళ పక్కింట్లోనని ఇన్నేళ్ళలో నాకు తెలియదు.

లోపల నుంచి ఆడవాళ్ళ ఏడుపు ఒక్కసారి పైకి లేచింది. పేటిక బయటికొచ్చింది. వెనకే ఆవిడ, తలకి గుడ్డ, నడుముకి పాత చితెంగె, చేతులకి మసి. కటోంగో పెళ్ళాన్ని ఒక చేత్తో పట్టుకుని నడిపిస్తోంది. నన్ను చూసింది. నేను తల దించుకుంటానని అనుకోలేదు, కానీ దించుకున్నాను.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటి మలుపు దగ్గర అంది:

"లోపలున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. బషిచొలా కబురు దాచాడని. నేను లోపలికెళ్ళి కూర్చున్నాకే తెలిసింది నాకు. ఎక్కడ చూడాలో తెలియక రెండు గంటలు బీన్సు ఏరాను. ఏరిన బీన్సే మళ్ళీ ఏరాను."

"మరిచిపోయాను" అన్నాను.

"ఔనా? పాపం, మూడు రోజులు!"

మరిచిపోలేదు. ఒక్క నిమిషం కూడా మరిచిపోలేదు. ఈ మూడు రోజుల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

భావం: అసూయ. రాసేశాను. దాని కింద ఇంకేదైనా ఉందేమో చూడాలంది శిక్షకురాలు. ఉంది. కడుపుమంట. దాని కింద మళ్ళీ అసూయే.

అక్టోబర్ 14, సోమవారం

ఏమీ అనలేదు. చుట్టు తిరిగింది, నా దగ్గర ఆగింది, ఈస్ట్ గురించి అడిగింది, వెళ్ళిపోయింది.

అక్టోబర్ 15, మంగళవారం

ఇవాళా అనలేదు. తిడితే బాగుండు. నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు. ప్రొడక్షన్ మేనేజర్‌గా జేరె ఖాయం. గడువుకి రెండు వారాల ముందే. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చేతులు నావి కానట్టు.

ఆ కాగితం చదువుతుంటే కూడా మండింది. సిగ్గుతో చచ్చిపోతున్నవాడికి అసూయ మాత్రం చావదు. దానికి ఆయుష్షు గట్టిది.

అక్టోబర్ 16, బుధవారం

నేనే వెళ్ళాను ఆవిడ గదికి. తలుపు వేశాను.

"ఎందుకు అడగరు నన్ను?"

చేతిలో పెన్ను కింద పెట్టింది. "అడిగాను. శుక్రవారం మీ బల్ల దగ్గర నిలబడి రెండుసార్లు అడిగాను. మీరు ఎలుకల జోకు వేశారు."

"క్షమించండి."

"నాకిప్పుడు చాలా కోపంగా ఉంది బషిచొలా. ఆ లుసాకా ఆవిడ కోపం రాకూడదని చెప్పలేదు, వచ్చినప్పుడు నోటి దాకా రానివ్వకండి అంది. అందుకే రెండు రోజులు ఆగాను. ఇంకా తగ్గలేదు, అయినా చెప్తాను. నా మీద మీకు ఏమున్నా నేను పడతాను. పని మీకే ఎక్కువ తెలుసు, ఈ కుర్చీ మీకే రావాలని ముబితగారితో మొదటిరోజే అన్నాను. ఆయన మీ ఫారం చూపించాడు. అది మీకూ ఆయనకీ మధ్య సంగతి. కానీ నన్ను కొట్టడానికి మీకు చచ్చిపోయిన మనిషి దొరికిందా?"

వెళ్ళడానికి తలుపు వైపు తిరిగాను.

"ఇంకోటి. ఇకనుంచి నాతో వరస కలపకండి. ఎలుకలు వద్దు, కోతులు వద్దు. వేళాకోళం కడుపులో ఏమీ పెట్టుకోనివాళ్ళ హక్కు. మీరు నన్ను మేడమ్ అనండి, నేను మిమ్మల్ని మిస్టర్ చిటాలు అంటాను."

అన్నట్టుగానే అంది, అక్కడికక్కడే. "వెళ్ళండి మిస్టర్ చిటాలు. నా దగ్గర కాదు మీ క్షమాపణ. కటోంగో దగ్గరికి వెళ్ళండి."

ఇంత బాధ కలుగుతుందని అనుకోలేదు. నిన్న మొన్నటి దాకా ఆవిడ నన్ను కోతులు తినేవాడా అంటే నాకు మండేది.

అక్టోబర్ 17, గురువారం

వెళ్ళలేదు.

అక్టోబర్ 18, శుక్రవారం

సెలవు. దేశమంతా ప్రార్థనల రోజు. ఇంట్లోనే ఉన్నాను. "ప్రార్థన చేసుకున్నావా?" అని మా ఆవిడ అడిగింది. "చేసుకున్నాను" అన్నాను. లేదు.

అక్టోబర్ 19, శనివారం

వెళ్ళాను. ఒక్కడినే.

కటోంగో ఇంటి ముందు చిన్న స్టూలు మీద కూర్చుని చెప్పులు కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేచి ఆ స్టూలు నాకిచ్చాడు, తాను ఇటుకల మీద కూర్చున్నాడు. నేను దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. కబురు దాచాను, కావాలనే దాచాను, మేడమ్ మీద ఓర్వలేక దాచాను, నీ అమ్మ చావుని అడ్డం పెట్టుకున్నాను. ఇంతకంటే పచ్చిగా చెప్పడం నాకు రాదు.

వాడు సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టాడు.

"అదంతా నాకు తెలుసండీ. మేడమ్‌కి చెప్పలేదని నాకేం కోపం లేదు."

"మరి?"

"మేడమ్ నంబరు నా ఫోన్లో ఉంది. అందరి దగ్గరా ఉంది, ఆవిడే ఇచ్చింది. ఆవిడకి చెప్పాలంటే ఆవిడకే చేసేవాణ్ణి."

నాకు అర్థం కాలేదు. ఎటో చూస్తూ చెప్పాడు.

"అమ్మ ఐదుంపావుకి పోయింది. మామయ్య ఇంకా రాలేదు. నా పెళ్ళాం నీళ్ళకి వెళ్ళింది. ఇంట్లో నేనూ, అమ్మా. ఎవరికైనా చెప్పకపోతే పిచ్చెక్కుతుందనిపించింది. నాకు నాన్న లేడు. చేరిన కొత్తలో ఓవెన్లో నా చెయ్యి కాలింది, మీకు గుర్తుందో లేదో. మీరు నన్ను భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తారు. ఆసుపత్రిలో సాయంత్రం దాకా కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు, కూర్చున్నారంతే. అందుకని మీకు చేశాను. మీరు 'సరే, చెప్తాను' అని పెట్టేశారు."

పక్కింట్లో బానాసంపా బట్టలు ఆరేస్తోంది. మమ్మల్ని చూసి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు అడిగాను. "అమ్మకి ఏమైంది కటోంగో? ఆఖరి వేళ ఎలా..."

వాడు తల అడ్డంగా ఊపాడు. కోపంతో కాదు. అలిసిపోయినవాడిలా.

"అది ఒక్కసారే చెప్పగలిగానండీ. బుధవారం సాయంత్రం మేడమ్ వచ్చి పక్కన కూర్చుంటే ఆవిడకి చెప్పేశాను. మళ్ళీ చెప్పలేను."

లేచి లోపలికి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చాడు. తాగాను. సోమవారం పనికి వస్తానన్నాడు. సరేనన్నాను. గేటు దాకా వచ్చి, పెద్దవాణ్ణని చెయ్యి పట్టుకుని రెండు మోకాళ్ళూ కొంచెం వంచి సాగనంపాడు.

బస్సెక్కబుద్ధి కాలేదు, నడిచి వచ్చాను. మా ఆవిడ ఏమన్నాడని అడిగింది. నీళ్ళిచ్చాడని చెప్పాను.

ఆ కుర్చీ ఆవిడది, ఉంచుకోనీ. ఆ చావు కబురు మాత్రం నాది. అందరికంటే ముందు నాకే ఇచ్చాడు.